గదులు అలాగే ఉంటాయనుకున్నాను

ఆ పొద్దున ఆకాశం, ఎవరో తుడుస్తూ తుడుస్తూ మధ్యలో పిలుపొస్తే వదిలేసి వెళ్ళిన పలకలా ఉంది. తూర్పు పక్క కాస్త తేటగా, పడమట మసకమసకగా. వాన పడేట్టూ లేదు, ఎండ కాసేట్టూ లేదు. మబ్బు కదలకుండా నిలబడి, వచ్చిన పనేమిటో మర్చిపోయినట్టు కిందికి చూస్తోంది.

ఆమె వంటింటి కిటికీ దగ్గర గిన్నెలు కడుగుతోంది. చేతులు నురగలో ఉన్నాయి, మనసు మాత్రం ఓ పెద్ద గదిలో ఉంది. ఆ గదిలో కుర్చీలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి గోడవార నిలబడి ఉన్నాయి. మంచినీళ్ళ సీసాలు మూలనున్న పెట్టెలోంచి బయటికి రాలేదు. బోర్డు మీద నిన్నటి రాతలు అలాగే ఉన్నాయి. కిటికీ తలుపులు మూసి ఉన్నాయి. మనుషులు ఒక్కొక్కరే లోపలికొచ్చి అటూ ఇటూ చూస్తున్నారు. ఎవరికీ ఎవరూ ఏమీ చెప్పడం లేదు. ఆమె ఓ పక్కన చేతులు కట్టుకుని చూస్తోంది, అంతే. ఊరికే నిలబడి చూడటమే పనిగా తను ఉన్న గది అంత అందంగా ఉంటుందని ఆమెకి ఇన్నాళ్ళూ తెలియదు.

"ఇవాళేగా నీ ఆట?" అన్నాడు వాళ్ళాయన వెనకనుంచి, కళ్ళద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుంటూ. "ఆడుకోడానికి జీతమిచ్చే ఉద్యోగం లోకంలో నీ ఒక్కదానికే దొరికింది. మాకూ ఉన్నాయి పనులు, ఎందుకూ!"

"టీ బల్ల మీద పెట్టాను."

"చూశాను. చల్లారిపోతోంది."

చూశానన్నాడంటే చూశాడనే. ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. ఊళ్ళో సగం మంది చూపు ఆయన చేతిలో ఉంది. ఎదుటి మనిషి తల వంచే తీరు చూసి ఏ కంటికి ఎంత లోపముందో చెప్పేయగలడు. ఆమె ఆట పుట్టింది కూడా ఆ చూపులోంచే. ఈ మధ్య ఓరోజు అత్తగారి చేతిలోంచి తడిగుడ్డ జారి నడవా మధ్యలో పడింది. ఆమె వంటింట్లోంచి చూస్తోంది. ఆయన స్నానం చేసొచ్చాడు. గుడ్డ దగ్గరికి రాగానే, నీళ్ళ మడుగొస్తే ఎత్తినట్టు కాలెత్తి, దాటి, గదిలోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి బయటికొచ్చి మళ్ళీ దాటాడు. చూడక కాదు. చూశాడు కాబట్టే కాలెత్తాడు. ఆ ఎత్తిన కాలు ఆమె కళ్ళల్లో చాలాసేపు గాల్లోనే ఉండిపోయింది. కోపం రాలేదు. చెరువు ఒడ్డున కొంగ కాలెత్తడం చూస్తున్నట్టు, వింతగా, తీరిగ్గా చూసింది. ఆ గుడ్డ తను తీసేదాకా అక్కడే ఉంటుందని ఆయనకి తెలుసు. తనకీ తెలుసు. గుడ్డకి కూడా తెలిసినట్టే పడి ఉంది.

ఆమె పని బస్సుల కంపెనీలో, శిక్షణ విభాగంలో. పెద్దవాళ్ళకి పాఠం చెబితే నిద్రపోతారు, నలుగురినీ కలిపి ఏదైనా ఆట ఆడిస్తే మేలుకుంటారు. ఆ ఆటలు తయారుచేయడం ఆమె పని. ఆడించడం పెద్దసారు పని. ఆమె ఆలోచిస్తుంది, కాయితాలు కత్తిరిస్తుంది, గది సర్దుతుంది. పెద్దసారు నిలబడి చేతులు చాపి "మిత్రులారా" అంటాడు. చప్పట్లు కొడతారు. ఆమె వెనక తలుపు దగ్గర నిలబడి కొడుతుంది. తన ఆటకి తను చప్పట్లు కొట్టేటప్పుడు చప్పుడు కాస్త తక్కువ చేయాలని ఆమెకి ఎవరూ చెప్పలేదు, అదే అలవాటైంది.

ఆ మధ్య కంపెనీ ఆడవాళ్ళని డ్రైవర్లుగా తీసుకుంది. వేరే భాషలు మాట్లాడేవాళ్ళూ చేరారు. డిపోల్లో గొణుగుడు మొదలైంది. స్టీరింగు పట్టుకోవాల్సిన చేతులా ఇవి అన్నవాడొకడు, వీళ్ళ మాట మాకర్థం కాదు అన్నవాడొకడు. పైవాళ్ళు ఆలోచించి, అందరూ శిక్షణకి రావాల్సిందే అన్నారు. దానికి 'అందరికీ సీటు' అని పేరు పెట్టారు. పెద్దసారు ఎక్కడో నేర్చుకున్న గీతల ఆట ఒకటి ఉంది, మొదటి శిక్షణలో దాన్నే ఆడించాడు. అందరూ ఒక గీత మీద వరుసగా నిలబడాలి. 'మీ ఇంట్లో పుస్తకాలుండేవా, అయితే ఒక అడుగు ముందుకి. రాత్రిపూట ఒంటరిగా నడవడానికి భయపడతారా, అయితే ఒక అడుగు వెనక్కి.' ఆట అయ్యేసరికి గుమాస్తాలు కిటికీ దగ్గరికి వచ్చేశారు. కొత్త డ్రైవరమ్మాయి వెనక గోడకి ఆనుకుపోయింది, ఇంకో అడుగు వెనక్కి వెయ్యడానికి చోటులేక. పెద్దసారు ఆ అమ్మాయి వైపు చెయ్యి చూపించి, "చూశారా మిత్రులారా" అన్నాడు. అందరూ వెనక్కి తిరిగి చూశారు.

తర్వాత చేతులు కడుక్కునే చోట ఆ అమ్మాయి కుళాయి తిప్పి, నీళ్ళు పోతూ ఉంటే ఊరికే చూస్తూ, "నేను వెనకున్నానని నాకు తెలియదా అక్కా?" అంది. "వీళ్ళకి తెలియాలని నన్ను గోడకి మేకు కొట్టాలా?"

ఆమె కుళాయి కట్టేసింది. ఆ రోజు నుంచీ నడుస్తున్నా, వండుతున్నా, దుప్పట్లు మడతపెడుతున్నా అదే ఆలోచన. వెనకున్నవాళ్ళు నోరు విప్పక్కర్లేని ఆట ఒకటి కావాలి. వాళ్ళ కష్టం వాళ్ళ నోటితో చెప్పించి, ముందున్నవాళ్ళు కళ్ళు తుడుచుకుని ఇంటికెళ్ళే ఆట కాదు. మాట్లాడాల్సింది ముందున్నవాళ్ళు. అలా ఆలోచిస్తూ ఉండగానే తడిగుడ్డ పడింది, కాలు లేచింది, గది కళ్ళముందుకొచ్చింది. సర్దని గది. ఎవరూ ఏమీ చెప్పరు. ఎవరు కుర్చీలు దించుతారో, ఎవరు నీళ్ళు తెస్తారో, ఎవరు ఫోను చూసుకుంటూ నిలబడతారో, అదంతా దానంతటదే జరుగుతుంది. అందరూ కూర్చున్నాక అడగాలి. సర్దినవాళ్ళని కాదు, నిలబడ్డవాళ్ళని: గది సర్దుతున్నంతసేపూ మీరేం చూశారు?

ఈ ఆట తనే ఆడిస్తానని పెద్దసారుని అడిగేసింది. అడిగాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

పెద్దసారు కప్పు కింద పెట్టాడు. చెడ్డవాడు కాదు. ఆమె పుట్టినరోజు కూడా గుర్తుపెట్టుకుంటాడు. "నువ్వా? నలుగురిలో నిలబడితే నీకు గొంతు పెగలదు కదమ్మా. పోనీ, చూద్దాం. ఒక్కసారే. తేడా కొట్టిందంటే మాత్రం మళ్ళీ నన్నడగొద్దు, అంతా ఎప్పుడూ ఎలా జరుగుతోందో అలా జరగనిద్దాం. సరేనా?"

"సరే సార్" అంది.

ఆ ఒక్కసారి ఇవాళే.

"అమ్మాయ్, నా మందు?" అంది అత్తగారు హాల్లోంచి. మందిచ్చింది. కూతురి జడ సర్దింది. ఆయన అడక్కముందే తాళాలు చేతికిచ్చింది. "మొహంలో ఆ పరధ్యానమేంటే?" అంది అత్తగారు. "నిద్రలో నడుస్తున్నట్టున్నావు. దారిలో బస్సు కింద పడేవు, నీ కంపెనీ బస్సే!"

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. అద్దం మీద ఊపిరి పొగ పట్టింది. దాని వెనకనుంచి వీధులు, గోడలు, అప్పుడే తెరుస్తున్న దుకాణాలు, మెట్లు కడుగుతున్న ఆడమనిషి, ఆ మెట్ల మీద తడి ఆరకముందే అడుగుపెట్టి లోపలికెళ్తున్న మగమనిషి, అన్నీ నీళ్ళడుగున ఉన్నట్టు మెల్లగా జరిగిపోతున్నాయి. ఊరంతా ఒక పెద్ద గది అనిపించిందామెకి. తెల్లారకముందే ఎవరో వచ్చి సర్ది, చప్పుడు కాకుండా వెళ్ళిపోయారు. మిగతావాళ్ళు లేచి, బాగా తెల్లారిందే అనుకుంటున్నారు. ఆమె లోలోపల మొదటి మాట వెతుక్కుంటోంది. "మిత్రులారా" వద్దు. అది సారు మాట. "అందరూ వచ్చారా" అంటే ఇంట్లో భోజనానికి పిలిచినట్టుంటుంది. "నమస్కారం" అంటే చాలు. ఆ తర్వాత ఏమీ అనకూడదు. ఆ ఏమీ అనకపోవడమే కష్టం.

శిక్షణ గది చేరేసరికి ఇంకా ఎవరూ రాలేదు. తలుపు తీసింది. నిన్నటి గాలి వాసన. మాటలు వెతుక్కుంటూనే ఉంది. నమస్కారం అన్నాక ఊపిరి పీల్చుకోవాలి. భుజాలు వంచకూడదు. పెద్దసారు వైపు చూడకూడదు, చూస్తే గొంతు పోతుంది. కొత్త డ్రైవరమ్మాయి వైపు చూడాలి. ఆ అమ్మాయి ఇవాళ గోడకి ఆనుకోకూడదు. ఎవరో ఒకరు నవ్వుతారు, నవ్వనీ. 'ఇంకా మొదలుపెట్టరేంటి' అంటారు, అననీ. అలా అనుకుంటూ, అనుకుంటూ, ఒక పాటలో ఉన్నట్టు ఆమె గదిలో తిరుగుతూనే ఉంది. మనసు ఆ మూలన చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఎంత తేలిగ్గా ఉందో.

మనుషులు రావడం మొదలుపెట్టారు. హారను కొట్టడం అంటే చిరాకుపడతాడు కాబట్టి అందరూ హారన్ మామ అని పిలిచే పాత డ్రైవరు వచ్చాడు. పానా అని పేరుపడ్డ మెకానిక్కు, టికెట్ ఇన్‌స్పెక్టరు, గుమాస్తాలు, కండక్టర్లు, కొత్త డ్రైవరమ్మాయి. వచ్చినవాళ్ళు వచ్చినట్టు కూర్చుంటున్నారు.

కూర్చుంటున్నారు.

ఆమె గదిని చూసింది. కుర్చీలు చంద్రవంకలా వేసి ఉన్నాయి, ఒకదానికొకటి సమాన దూరంలో. ప్రతి కుర్చీ పక్కనా నీళ్ళ సీసా. బోర్డు తళతళలాడుతోంది. కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి, కర్టెన్లు ముడివేసి ఉన్నాయి. తన కుడిచేతిలో బోర్డు తుడిచిన గుడ్డ ఉంది. ఇంకా తడిగా.

ఇన్ని రోజులు ఆలోచించి, కలలు కని, ఈ గదిని సర్దకుండా ఉంచడం ఒక్కటే తను చేయాల్సిన పని. ఆ ఒక్క పనీ చేతులు చేయనివ్వలేదు. ఎవరూ అడగలేదు. ఎవరూ అరవలేదు. తనే, తన ఆట ఆయువుపట్టు మీద తనే గుడ్డేసి తుడిచేసింది. నవ్వొచ్చేంత దుఃఖం వచ్చింది.

పెద్దసారు కప్పుతో లోపలికొచ్చి చుట్టూ చూసి, "బాగా సర్దావమ్మా. మొదలుపెట్టు మరి" అన్నాడు.

ఆమె నోరు తెరిచింది. "నమస్కారం" కూడా ఎటో పోయింది. కుర్చీలు కిర్రుమన్నాయి. ఎవరో దగ్గారు. పెద్దసారు పక్కకొచ్చి మెల్లగా, దయగా, "నే చెప్పలా? పోనీలే. గీతల ఆట ఆడించేద్దాం, నేను చూసుకుంటా. నువ్వెళ్ళి తలుపు దగ్గర నిలబడు" అన్నాడు.

గీతల ఆట అన్న మాట ముందు వరుసలో వినిపించినట్టుంది. కొత్త డ్రైవరమ్మాయి చూపు తనకి తెలియకుండానే వెనక గోడ మీదికి పోయింది.

"వద్దు సార్" అంది ఆమె. అంత గట్టిగా అనాలనుకోలేదు. గదిలో అందరికీ వినబడింది. ఇక వెనక్కి వెళ్ళడానికి లేదు కాబట్టి ముందుకెళ్ళింది. "నేనొక ఆట తయారుచేశాను. మీరందరూ ఆడాల్సింది. మీరొచ్చేలోపల పొరపాటున నేనొక్కదాన్నే ఆడేశాను."

"గెలిచారా మేడమ్?" అన్నాడు పానా. గది గొల్లుమంది.

"ఎప్పుడూ నేనే గెలుస్తాను" అంది ఆమె. "ఇంకెవరూ ఆడరు కాబట్టి."

నవ్వు సగంలో ఆగింది. ఆమె చేతిలో గుడ్డని చూపించింది. గది ఎలా ఉండాల్సిందో, తను ఎలా చెడగొట్టిందో చెప్పింది. చెబుతుంటే గొంతు మామూలుగానే ఉంది, ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పినట్టు. "వచ్చేటప్పుడు ఈ కుర్చీలు ఎవరు వేశారని మీలో ఎవరికైనా అనిపించిందా?"

టికెట్ ఇన్‌స్పెక్టరు నిజాయితీగల మనిషి. చాలాసేపు ఆలోచించి, "నేను… గదులు అలాగే ఉంటాయనుకున్నాను" అన్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన మొహం చూస్తే తన మాట తనకే అప్పుడు వినబడినట్టుంది.

ఆమెకి ఆట దొరికింది. తయారుచేసింది కాదు, దొరికింది. కుర్చీలు జరిపించి నలుగురైదుగురిని కలిపి కూర్చోబెట్టింది. గుమాస్తా పక్కన కండక్టరు, ఇన్‌స్పెక్టరు పక్కన కొత్త డ్రైవరమ్మాయి. ఒకటే నియమం పెట్టింది. రోజూ మీరొచ్చేసరికి సిద్ధంగా ఉండే వస్తువు ఒక్కటి చెప్పండి. దాన్ని ఎవరు సిద్ధం చేశారో, ఎప్పుడు చేస్తారో, ఎలా చేస్తారో చెప్పండి. సిద్ధం చేసేవాళ్ళు మాత్రం నోరు విప్పకూడదు, జవాబు అందివ్వకూడదు.

"మాట్లాడకుండా ఎంతసేపండీ?" అంది ఒక కండక్టరు.

"ఇన్నాళ్ళూ మాట్లాడారేంటి?" అన్నాడు పక్కవాడు. అనేసి నాలిక్కరుచుకున్నాడు.

గది గుసగుసలతో నిండింది. తన బల్ల మీద నీళ్ళకూజా ఎవరు నింపుతారో గుమాస్తాకి తెలియలేదు. నింపే మనిషి ఎదురుగానే కూర్చుని పైకప్పు చూస్తోంది. కొత్త డ్రైవర్లు ఎక్కేలోపల సీటు వాళ్ళ ఎత్తుకి ఎవరు సర్ది పెడుతున్నారని ఇన్‌స్పెక్టరు అడిగాడు. ఎవరూ సర్దరని, దిండు ఇంటినుంచి తెచ్చుకుంటున్నారని, పక్కనున్న ఇంకో డ్రైవరు చెప్పాల్సి వచ్చింది. ఆ అమ్మాయి నియమం ప్రకారం నోరు విప్పలేదు. నిటారుగా కూర్చుంది.

చివర్లో హారన్ మామ లేచాడు. "మా ఆవిడ కూతురి పురిటికి వెళ్ళింది" అన్నాడు. "మర్నాడు పొద్దున స్నానం చేసొచ్చి కొక్కెం ముందు నిలబడ్డాను. డ్యూటీ చొక్కా అక్కడుంటుంది కదా, ఇస్త్రీ చేసి. లేదు. నిలబడ్డాను. కాసేపు అలాగే నిలబడ్డాను." ఆగాడు. "వస్తుందేమోనని."

పానా నవ్వబోయి మానుకున్నాడు. మామ కూర్చోబోతూ, "ఎలా చేస్తుందో చెప్పమన్నారుగా. నాకు తెలియదమ్మా" అన్నాడు.

అంతా వెళ్ళేటప్పుడు ఒక చిత్రం జరిగింది. తమ కుర్చీ తమరెత్తి గోడవార పెట్టాలా వద్దా అని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. కొందరు పెట్టారు. కొందరు పెట్టకుండానే వెళ్ళారు, కానీ తలుపు దాటేదాకా వెనక్కి చూసుకుంటూ వెళ్ళారు.

పెద్దసారు పొంగిపోయాడు. "ఏం ఆటమ్మా! పొరపాటు చేసినట్టు భలే నటించావు, నేనే నమ్మేశాను. ఇంక మిగతా డిపోలన్నిట్లోనూ ఇదే. నువ్వు తెల్లారే వెళ్ళి గది సర్దిపెట్టు. నేను గుడ్డ పట్టుకుని నిలబడతా. పొరపాటున సర్దేశానని మొదలుపెడతా."

ఆమె ఆయన్ని చూసింది. వెక్కిరింపు కాదు, నిజంగానే అంటున్నాడు. ఆయన కళ్ళల్లో ఎక్కడా మచ్చలేదు. కిటికీలోంచి గాలి వచ్చి కర్టెను ముడి విప్పింది. లోపల ఎక్కడో, ఎత్తిన కాలు ఒకటి గాల్లో ఆగింది.

"గది మీరు సర్దండి సార్" అంది. "నేను నిలబడతాను."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆపాడు. కప్పు అటూ ఇటూ తిప్పాడు. "ఎన్ని కుర్చీలు వేస్తారు మామూలుగా?" అన్నాడు చివరికి, చిన్న గొంతుతో. ఆమె చెప్పలేదు. నియమం నియమమే.

ఇంటికొచ్చేసరికి సాయంకాలం దీపాలు పెట్టే వేళయింది. కాళ్ళు కడుక్కుని వచ్చి, వంట చేసింది. బల్ల దగ్గర ముగ్గురూ అప్పటికే కూర్చుని ఉన్నారు, ఆయన, అత్తగారు, కూతురు. ఆమె వచ్చి నాలుగో కుర్చీ లాక్కుని కూర్చుంది. బల్ల ఖాళీగా ఉంది. గిన్నెలు లోపల పొయ్యి మీదే ఉన్నాయి. ఏదో పట్టుదలతో కూర్చోలేదు. కూర్చుంటే ఎలా ఉంటుందో చూద్దామని కూర్చుంది.

ఆయన ఫోనులోంచి తలెత్తాడు. "ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"ఆఫీసులో ఎవరైనా ఏమైనా అన్నారా?"

"లేదే."

ఆ రెండూ కాకపోతే ఆడమనిషి ఎందుకు కూర్చుంటుందో ఆయనకి మూడో కారణం తోచలేదు. ఆమె చేతులు ఒళ్ళో ఉన్నాయి. లేవబోతున్న పిల్లిని పట్టుకున్నట్టు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. కూతురు "నేను తెస్తానమ్మా" అని లేవబోయింది. ఆమె ఆ పిల్ల మణికట్టు మీద చెయ్యేసి, గట్టిగా కాదు, అలా ఉంచింది. పిల్ల కూర్చుంది. అత్తగారు మోకాళ్ళు పట్టుకుని, "నే లేస్తాలే, దానికేం" అంది.

"మీరు కూర్చోండి అత్తయ్యా."

అత్తగారు ఆ మాట ఎవరో అంటారని ఎన్నేళ్ళనుంచో ఎదురుచూస్తున్నట్టు, ఇంకో మాట లేకుండా వెనక్కి వాలిపోయింది.

బయట మసక చీకటి మెత్తగా దిగుతోంది. ఎవరింట్లోనో కుళాయి పారుతోంది. ఆయన ఆమెని చూశాడు, తల్లిని చూశాడు, కూతుర్ని చూశాడు. ఫోను బోర్లా పెట్టాడు. లేచి లోపలికి వెళ్ళాడు. ఒక అల్మరా తెరిచిన చప్పుడు, అది కాదన్నట్టు మూసిన చప్పుడు, ఇంకొకటి తెరిచిన చప్పుడు. ఆమె పిలిచి చెప్పలేదు. చాలాసేపటికి ఒక్కొక్కటే వచ్చాయి. చిన్న పళ్ళేలు వచ్చాయి, గరిటె రాలేదు. మళ్ళీ వెళ్ళి గరిటె తెచ్చాడు. నీళ్ళు తెచ్చాడు, అందరికీ కలిపి ఒకే గ్లాసు తెచ్చాడు. వడ్డించబోయి, ఎవరితో మొదలుపెట్టాలో తెలియక, ఆమె పళ్ళెంలోనే మొదట వేశాడు.

నలుగురూ తినడం మొదలుపెట్టారు. పళ్ళేల చప్పుడు, నమిలే చప్పుడు, గ్లాసు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వెళ్ళే చప్పుడు. ఆమె వేడివేడిగా నోట్లో పెట్టుకుంది. తను వండింది పొగలు కక్కుతున్నప్పుడు ఎలా ఉంటుందో ఇన్నేళ్ళకి తెలిసింది. ఉప్పు కాస్త తక్కువైంది.

ఆ మాట ఎవరూ అనలేదు.